కుర్చీల మీది నీడిల్‌పాయింట్ తొడుగులు: అపోహలు, వాస్తవాలు

అపోహ: నీడిల్‌పాయింట్, అంటే గళ్ల కాన్వాస్ గుడ్డపై ఊలుతో కుట్టిన తొడుగు, చూడటానికే గానీ కూర్చోవడానికి పనికిరాదు.

వాస్తవం: తొడుగు మన్నిక దాని వెనుక వైపు కుట్టును బట్టి ఉంటుంది. పైకి ఒకేలా కనిపించే ఏటవాలు కుట్టును హాఫ్ క్రాస్, కాంటినెంటల్, బాస్కెట్‌వీవ్ అని మూడు విధాలుగా వేయవచ్చు. హాఫ్ క్రాస్‌లో వెనుక పొట్టి గీతలే పడతాయి కనుక ఊలు ఆదా అవుతుంది, కానీ రోజూ కూర్చునే సీటు త్వరగా అరుగుతుంది. కాంటినెంటల్‌లో వెనుక భాగం నిండుతుంది గానీ కాన్వాస్ ఒక పక్కకు లాగుతుంది. బాస్కెట్‌వీవ్‌లో ఐమూలగా సాగుతూ, ఎక్కే వరుసలో సూదిని అడ్డంగా, దిగే వరుసలో నిలువుగా పోనిస్తాం కనుక, వెనుక బుట్ట అల్లికలాంటి రెండో పొర ఏర్పడుతుంది, కాన్వాస్ కూడా పెద్దగా వంకరపోదు. సీటుకు నేను ఇది తప్ప వేరే కుట్టు వాడను.

అపోహ: క్రాస్ స్టిచ్‌కు వాడే మ్యాటీ గుడ్డ చాలు.

వాస్తవం: చాలదు. సీటుకు గట్టి కాన్వాస్ కావాలి, అదీ కుట్టుతో పూర్తిగా కప్పుకుపోవాలి. అంగుళానికి 10 గళ్ల కాన్వాస్‌పై 20 అంగుళాల చదరపు సీటుకు 40,000 కుట్లు పడతాయి. 14 గళ్లదైతే 78,400. ఓపికను బట్టి ఎంచుకోవాలి.

అపోహ: దుకాణంలో ఊలు అని అమ్మేదంతా ఊలే.

వాస్తవం: బేగంబజార్‌లో కొన్నా, మరెక్కడ కొన్నా ఒక పోగును కాల్చి చూడండి. అసలు ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

అపోహ: వంకరపోయిన కాన్వాస్ చెడిపోయినట్లే.

వాస్తవం: ఊలు రంగు దిగదని ముందుగా తడిగుడ్డతో అద్ది నిర్ధారించుకొని, కాన్వాస్‌ను తేమచేసి, మూలమట్టంతో చూసుకుంటూ చెక్కపై తుప్పుపట్టని పిన్నులతో బిగించాలి. పూర్తిగా ఆరే వరకు తీయకూడదు. మన వానాకాలంలో ఆరడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది, అయినా తొందరపడితే మళ్లీ వంకరపోతుంది. మాసినప్పుడు వాషింగ్ మెషీన్‌లో వేస్తే కాన్వాస్‌కు పట్టించిన గంజి పోతుంది కనుక, వ్యాక్యూమ్ క్లీనర్‌తో మెల్లగా దుమ్ము తీయడమే మేలు.

అపోహ: టేపుతో పొడవు, వెడల్పు కొలిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఫోమ్ ఉబ్బు, ముందు మూలల వంపు టేపుకు అందవు. సీటుపై పాత చీర ముక్క పరచి, అంచుల దాకా బిగించి గీసుకున్న నమూనా కావాలి. దాని చుట్టూ అర అంగుళం అదనంగా కుట్టి, ఆపైన రెండు అంగుళాల ఖాళీ కాన్వాస్ వదలాలి. సోఫా పనివారు ఆ అంచును వృథా అనుకొని కత్తిరించే అవకాశం ఉంది కాబట్టి, మేకులు కొట్టక ముందే దాన్ని కత్తిరించవద్దని వారికి చెప్పి ఉంచాలి.