మహిళా రిజర్వేషన్: చిక్కంతా ‘ఏ సీటు’ అన్న దగ్గరే

చట్టసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకిచ్చే 106వ రాజ్యాంగ సవరణకు 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది ఓటేశారు, కాదన్నది ఇద్దరే. రాజ్యసభలో 214–0. అయినా 2024 ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగాయి. 543 స్థానాల్లో 74 మంది మహిళలు గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 25కి ముగ్గురు, తెలంగాణలో 17కి ఇద్దరు.

పంచాయతీల్లో ఈ కోటా 1993 నుంచే ఉంది. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో పంచాయతీలు ఇద్దరు మహిళలను కో-ఆప్ట్ చేసుకుంటే (ఎన్నిక లేకుండా సభ్యులుగా చేర్చుకుంటే) చాలంది. అంటే గెలిచిన మగవాళ్ల దయ. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వార్డులతో ఆగకుండా సర్పంచ్ కుర్చీలోనూ మూడో వంతు ఇచ్చింది. అసలు మార్పు అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో దాన్ని సగానికి పెంచింది. సంతకం ఆమెది, పెత్తనం భర్తది అన్న ఫిర్యాదు నిజమే. కానీ రొటేషన్ (మహిళలకు కేటాయించే సీట్లను ఎప్పటికప్పుడు మార్చడం) చేసే చేటు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎంబీ రికార్డు (పనుల కొలతల పుస్తకం), చెక్ పవర్, గ్రామసభ తీర్మానం అన్నీ వంటబట్టేసరికి సీటు జనరల్‌ అవుతుంది, పార్టీ మద్దతు మళ్లీ మగవాళ్లకే.

1996 సెప్టెంబరులో పార్లమెంటుకొచ్చిన చట్టసభల మహిళా కోటా బిల్లు (81వ సవరణ)లోనూ ఎన్నికకో రొటేషనే. ఎంపీలకు గుబులు అక్కడే పుట్టింది: ఈసారి నా సీటు పోతే? బయటికి గట్టిగా వినిపించింది మాత్రం బీసీ మహిళలకు ఉపకోటా డిమాండ్. అదీ కొట్టిపారేయదగ్గది కాదు. 1998 జులైలో ఆర్జేడీ సభ్యుడొకరు స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి చేతిలోని బిల్లు ప్రతులు లాక్కుని చించేశారు.

లోక్‌సభ రద్దయినప్పుడల్లా బిల్లు మురిగిపోతుండటంతో 2008లో రద్దంటూ లేని రాజ్యసభలో పెట్టారు. 2010 మార్చి 9న 186–1తో అక్కడ గట్టెక్కింది. తర్వాత లోక్‌సభకు వెళ్లి 2014 దాకా చర్చకే రాలేదు. లోక్‌సభ రద్దుతో అదీ మురిగిపోయింది.

2023 చట్టం రొటేషన్‌ను డీలిమిటేషన్‌కోసారికి (నియోజకవర్గాల పునర్విభజనకోసారికి) మార్చింది. ఎంపీల భయం తగ్గింది. కోటా మొదలవడానికీ అదే షరతు: చట్టం అమల్లోకొచ్చాక జరిగే తొలి జనగణన లెక్కలు వెలువడాలి, వాటి ఆధారంగా డీలిమిటేషన్ జరగాలి. జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. గత డీలిమిటేషన్ చట్టం 2002లో వస్తే, తుది ఉత్తర్వు 2008లో వెలువడింది.

రాజ్యసభకూ శాసనమండళ్లకూ ఈ కోటా లేదు. వాటినీ చేర్చమని, నాటి బిల్లును పరిశీలించిన గీతా ముఖర్జీ కమిటీ 1996లోనే సిఫార్సు చేసింది.