చెక్క ముక్క చెప్పిన గుట్టు

జపాన్‌లో 3వ శతాబ్దం నుంచి ఓ మూడు నాలుగు వందల ఏళ్లపాటు దొరల సమాధుల మీద గుట్టలంత మట్టి దిబ్బలు పోశారు. సకాయ్ ఊళ్లోని డైసెన్ దిబ్బ పొడవే దాదాపు 486 మీటర్లు. ఆ దిబ్బల మీద బారులు తీర్చి నిలబెట్టిన కాల్చిన మట్టి గొట్టాలు, ఇళ్లు, గుర్రాలు, మనుషులే హనివాలు. సమాధి లోపల కాదు, బయటే పెట్టేవారు. అందుకే ఎండావానలకు పగిలి, తవ్వకాల్లో ఎక్కువగా పెంకులుగానే దొరుకుతాయి.

ఆ పెంకును కాస్త ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూడాలి. దువ్వెనతో గీసినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. మట్టి చుట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చి, చెక్క ముక్క అంచుతో పైన నున్నగా లాగేవారు. చెక్కలోని గట్టి పొరలు మట్టిలో గీతలుగా దిగాయి. ఏ రెండు చెక్కల పొరలూ అచ్చంగా ఒకేలా ఉండవు కదా! వేర్వేరు దిబ్బల మీది పెంకులపై ఒకే గీతల వరస కనిపిస్తే, ఆ చెక్క ఒకటే అన్నమాట. పనివాళ్లూ ఒకే బృందం అయ్యుండొచ్చు. వేలిముద్ర పట్టినట్టే. నాకైతే బొమ్మ ముఖం కన్నా ఈ గీతలే ఎక్కువ ముచ్చటగా ఉంటాయి.

చిక్కల్లా పాత మరమ్మతులతోనే. ముక్కలు అతికి, ఖాళీల్లో ప్లాస్టర్ నింపి, పైన రంగు పూసేవారు. అప్పటికి అదే తెలిసిన పద్ధతి, తప్పుపట్టలేం. కానీ ప్లాస్టర్ పాతబడి బలహీనపడుతుంది, పైపూత అసలు మట్టిని కప్పేస్తుంది.

టోక్యో నేషనల్ మ్యూజియంలోని కవచం తొడుక్కున్న యోధుడి సంగతే చూడండి. గున్మా ప్రాంతంలో దొరికిన 6వ శతాబ్దపు బొమ్మ, ఎత్తు 130.5 సెంటీమీటర్లు. ఎడమ చేతిలో విల్లు, కుడి చెయ్యి కత్తి మీద. 1974లో జాతీయ సంపదగా ప్రకటించారు. 2017 నుంచి 2019 దాకా దాన్ని విడదీసి, మళ్లీ కూర్చారు. ఆ సందర్భంగా చేసిన పరిశోధనలో బయటపడింది అసలు విషయం: ఇప్పుడు ఎర్రమట్టి రంగులో కనిపించే ఈ యోధుడికి ఒకప్పుడు ఒళ్లంతా తెలుపు, ఎరుపు, బూడిద రంగులు వేసి ఉన్నాయి.

అదే మ్యూజియంలో ‘నాట్యం చేసేవాళ్లు’ అని పేరుపడ్డ జంట బొమ్మలున్నాయి. గుండ్రటి కళ్లు, పైకెత్తిన చెయ్యి. ఆ చేత్తో గుర్రం పగ్గం పట్టుకున్నారేమో అనే వాదన చాలాకాలంగా ఉంది. పేరు మాత్రం మారలేదు.