టైరును చంపేది మేకు కాదు, మడత

మా చిన్నాన్న కూతురు ఒక సెకండ్ హ్యాండ్ జర్మన్ కారు చూసుకుంది. బేరం కుదిరాక ఫోన్ చేసింది. "అన్నయ్యా, దీనికి రన్‌ఫ్లాట్ టైర్లట. గాలి పోయినా నడుస్తాయట. నాలుగూ అరిగిపోయాయి. మళ్ళీ అవే వేయించనా, మామూలు ట్యూబ్‌లెస్ వేయించనా? ధరలో చాలా తేడా ఉంది." రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఆ రెండు ముక్కల వెనక నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటుంది.

ఇల్లు కట్టేచోట కనిపించే బైండింగ్ వైరు ముక్క తీసుకోండి. ఒకేచోట అటూ ఇటూ గబగబా ఇరవైసార్లు వంచి, ఆ వంపును మెల్లగా పై పెదవికి తాకించండి. వేడి తెలుస్తుంది. ఇంకా వంచుతూ పోతే పుటుక్కున తెగుతుంది. బడిలో మా చేత స్థితిస్థాపకతకు నిర్వచనం బట్టీ పట్టించారు గానీ, ఈ తీగ ముక్క ఎవరూ చేతికివ్వలేదు. ఇచ్చుంటే టైరు పాఠం సగం ఆ రోజే అయిపోయేది.

కారు బరువు మోసేది ప్రధానంగా లోపలున్న గాలి. 1,400 కిలోల కారయితే ఒక్కో చక్రం మీద సుమారు 350 కిలోలు. లోపలి గాలి ఒత్తిడి 32 పీఎస్ఐ అనుకుంటే, అది చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.25 కిలోలు. భాగించి చూస్తే 155 చదరపు సెంటీమీటర్లు, అంటే వేళ్ళు చాచిన చెయ్యంత. ఆ చెయ్యంత చోటే టైరు నేలకు అణిగి చదునవుతుంది, దాని పైనున్న పక్కగోడ వంగుతుంది. చక్రం తిరిగి ఆ భాగం నేలను వదలగానే మళ్ళీ నిటారవుతుంది. చుట్టుకొకసారి, టైరులోని ప్రతి చోటూ ఇలా వంగి లేవాల్సిందే. 205/55 ఆర్16 సైజు టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 వంపులు!

రబ్బరంటే పొడవాటి అణు గొలుసుల చిక్కు. వంచితే గొలుసులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. వంచడానికి ఖర్చయిన శక్తిలో కొంత తిరిగి రాదు, వేడిగా మిగిలిపోతుంది. దీని పేరు హిస్టరిసిస్. పైగా రబ్బరు వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. వేడి ముదిరితే గొలుసుల మధ్య గంధకం వేసిన ముడులు విడిపోతాయి, లోపలి దారాలకు రబ్బరుతో ఉన్న పట్టు వదిలిపోతుంది. కాబట్టి టైరు ఆయుష్షును మూడు విషయాలు తేలుస్తాయి: వంపు ఎంత లోతు, ఎన్ని వంపులు, ఎంత వేగంగా. తీగకైనా అంతే కదా.

ఒకసారి సూర్యాపేట దాటాక కారు ఎడమకు లాగుతున్నట్టు అనిపించినా, ముందు ఎవరైనా పంక్చర్ షాపు వాళ్ళు ఉంటారులే అని రెండు మూడు కిలోమీటర్లు పోనిచ్చాను. షాపతను టైరు విప్పి బోర్లించి తట్టాడు. గుప్పెడు నల్లటి రవ్వ రాలింది. లోపలి వైపు పక్కగోడ చుట్టూ వేలెడు వెడల్పున చెక్కేసినట్టు గరుకైన చార. మేకు చేసిన రంధ్రం మాత్రం అగ్గిపుల్ల కూడా దూరనంత. "ఇది రిపేరు కాదు సార్, లోపల నలిగిపోయింది" అన్నాడు. గాలి పోయాక పక్కగోడ రెండుగా మడతపడి, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ప్రతి చుట్టుకీ నలిగింది. వెంటనే ఆపి స్టెప్నీ మార్చుకునుంటే పది నిమిషాల్లో ప్లగ్ వేసి ఇచ్చేవాడు.

ఎండాకాలంలో గాలి తక్కువ పెట్టించాలని, లేకపోతే వేడికి వ్యాకోచించి పేలుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. దీన్ని ఎంతమందికి చెప్పి మాన్పించగలిగితే అంత మంచిది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పెరిగేది ఒకటిన్నర పీఎస్ఐ మాత్రమే. టైరు అది తట్టుకునేలాగే చేస్తారు. గాలి తగ్గిస్తే వంపు లోతవుతుంది, వేడి పెరుగుతుంది. హైవే మీద పేలేవాటిలో గాలి తక్కువైనవి ఎన్నో. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే మనిషి, అదే శ్రద్ధతో నెలకోసారి గాలి చూపించుకుంటే బాగుండు.

రన్‌ఫ్లాట్ పట్టుకున్నది ఆ మూడింటిలో మొదటిదాన్ని, వంపు లోతును. పక్కగోడ లోపల నెలవంక ఆకారంలో మందపాటి గట్టి రబ్బరు పెడతారు. గాలి పోయినా గోడ మడత పడదు, కాస్త వంగి బరువు మోస్తుంది. ఇక్కడో చిక్కుంది. మందపాటి రబ్బరు తక్కువ వంగినా, వంగినచోట ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అందుకే హిస్టరిసిస్ తక్కువుండే ప్రత్యేక మిశ్రమం వాడతారు. అయినా వేడి పేరుకుంటూనే ఉంటుంది. కంపెనీలు మామూలుగా చెప్పే హద్దు 80 కిలోమీటర్ల దూరం, 80 కిలోమీటర్ల వేగం. 80 కిలోమీటర్లంటే మన టైరుకి 40,000 వంపులు. రన్‌ఫ్లాట్‌తో మనం కొనుక్కుంటున్నది ఆ నలభై వేల వంపుల్నే.

మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి. గోడ గట్టిది కాబట్టి గతుకుల్లో దెబ్బ నేరుగా రిమ్ముకీ నడుముకీ తగులుతుంది. గాలి పోయినా కుంగదు కాబట్టి బయటినుంచి చూసి పోల్చుకోలేం, ప్రెషర్ తగ్గిందని చెప్పే హెచ్చరిక ఏర్పాటు కారులో తప్పక ఉండాలి. గాలి లేకుండా ఎన్ని వంపులు వాడేశారో బయటికి కనిపించదు కాబట్టి, అలా నడిపిన టైరుకు ప్లగ్ వేయించొద్దనే చాలా కంపెనీలు అంటాయి. మామూలు ట్యూబ్‌లెస్‌కు మన రోడ్ల పక్కన ఏ షాపులోనైనా ప్లగ్ పడుతుంది.

రన్‌ఫ్లాట్ కార్లలో చాలావాటికి స్టెప్నీ పెట్టే గుంతే ఉండదు. వేల్స్‌లోని లనెల్లీ ఊళ్ళో స్టెప్నీ అనే వీధిలో 1904లో అదనపు చక్రం అమ్మడం మొదలైతే, ఆ వీధి పేరు మన పల్లెల దాకా వచ్చింది. మన దేశంలో 2020 నుంచి ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెషర్ హెచ్చరిక, రిపేర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అందుకని మామూలు టైర్లకు మారేవాళ్ళు పంపు, ప్లగ్ కిట్ డిక్కీలో పెట్టుకోవాలి. రెండు రకాలూ కలిపి వేయించకూడదు.

నేనైతే మామూలువే వేయిస్తాను. నా తిరుగుడంతా ఊళ్ళ మీదుగా, గతుకుల్లో, పగటిపూట. మా చెల్లెలిది వేరు. షిఫ్ట్ అయ్యాక రాత్రి రెండింటికి ఒంటరిగా హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డెక్కుతుంది. ఆ రింగు మొత్తం 158 కిలోమీటర్లు. ఎక్కడ మేకు దిగినా 80 కిలోమీటర్లలో అవతలి కొస దాకా పోవచ్చు, లారీల పక్కన చీకట్లో దిగి జాకీ పెట్టే పని లేదు. రన్‌ఫ్లాటే వేయించమన్నాను. డబ్బు కట్టే ముందు మాత్రం, ఒక టైరులో గాలి తగ్గించి కాసేపు నడిపి, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుందో లేదో కళ్ళారా చూసుకోమన్నాను. నలభై వేల లెక్క ఎప్పుడు మొదలైందో ఆమెకు చెప్పేది ఆ దీపమే.