కొరొల్యోవ్ బతికుంటే చంద్రుడి మీద ముందు దిగేది సోవియట్ మనిషేనా?

సోవియట్ రాకెట్ల ప్రధాన రూపకర్త సెర్గేయ్ కొరొల్యోవ్ 1966 జనవరిలో ఆపరేషన్ బల్ల మీదే చనిపోయారు. ఆయన ఉండి ఉంటే చంద్రుడి పందెం వాళ్లదేనని చాలామంది ఊహ. కానీ ఫలితం మారాలంటే అంతకుముందే జరిగిన రెండు విషయాలు మారి ఉండాలి.

మొదటిది ఆలస్యం. అమెరికా అధ్యక్షుడు కెనడీ చంద్రుడిపై మనిషిని దింపే లక్ష్యాన్ని 1961 మేలో ప్రకటిస్తే, మాస్కో చంద్రుడిపై దిగే పనికి ఉత్తర్వు ఇచ్చింది 1964 ఆగస్టులో. అప్పుడు కూడా దిగే పని కొరొల్యోవ్‌కి, చంద్రుణ్ణి చుట్టి వచ్చే పని ఇంకో రాకెట్ రూపకర్త చెలొమేయ్‌కి పంచారు. ఇంజిన్ల దిట్ట గ్లుష్కో విషపూరితమైన ఇంధనాలే కావాలన్నారు. కొరొల్యోవ్ కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ తప్ప ఒప్పుకోలేదు. చివరికి విమానాల ఇంజిన్లు చేసే కుజ్నెత్సోవ్ బృందానికి పని వెళ్లింది. వాళ్లు చేయగలిగింది ఒక్కోటి సుమారు 150 టన్నుల తోపుడు బలం ఇచ్చే ఇంజిను. అందుకే చంద్రుడి కోసం కొరొల్యోవ్ రూపొందించిన ఎన్-1 రాకెట్ మొదటి దశలో 30 ఇంజిన్లు. అమెరికా చంద్ర రాకెట్ సాటర్న్-5కి ఐదే.

రెండోదే అసలు లోపం. సాటర్న్ మొదటి దశను నేలకు బిగించి, ఐదు ఇంజిన్లనూ కలిపి మండించి చూశాకే ఎగరనిచ్చారు. ఎన్-1 మొదటి దశకు అలా మండించి చూసే స్టాండే కట్టలేదు. ఖర్చు, సమయం కలిసొస్తాయని ఆ నిర్ణయం తీసుకున్నది కొరొల్యోవే. పరీక్షల బాధ్యుడు వొస్క్రెసెన్‌స్కీ వద్దని గట్టిగా వాదించారు. పైగా కుజ్నెత్సోవ్ బృందం చేసిన ఎన్‌కే-15 ఇంజిను కవాటాలు చిన్న పేలుడు మందుతో ఒక్కసారే పనిచేసే రకం. ఒకసారి మండించిన ఇంజిను మళ్లీ పనికిరాదు. ఆరింటిలో రెండు మండించి, అవి బాగుంటే మిగతా నాలుగు రాకెట్‌కు బిగించేవాళ్లు. అలా 30 ఇంజిన్లు కలిసి మొదటిసారి మండింది అసలు ప్రయోగంలోనే.

ఒక ఇంజిను చెడితే దాని ఎదుటిదాన్ని కూడా ఆపి, రాకెట్ పక్కకు ఒరగకుండా చూడటం కోర్డ్ అనే నియంత్రణ వ్యవస్థ పని. 1969 ఫిబ్రవరి 21న ఎన్-1 మొదటి ప్రయోగంలో తోకలో మంట లేచింది. కోర్డ్ 69వ సెకను నాటికి ఇంజిన్లన్నీ ఆపేసింది. జులై 3న రెండో ప్రయోగంలో ఒక ఆక్సిజన్ పంపు పేలడంతో ఒక్కటి తప్ప అన్నీ ఆగిపోయాయి. ట్యాంకుల నిండా ఇంధనంతో రాకెట్ ప్రయోగ వేదిక మీదే కూలింది. మూడో ప్రయోగం 1971 జూన్‌లో గానీ జరగలేదు. అప్పుడు రాకెట్ తన చుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది. 30 ఇంజిన్ల పొగ కలిసి తోక కింద పుట్టించిన మెలికను ఎవరూ ముందు లెక్కించలేదు. 1972 నవంబర్‌లో నాలుగోది 107 సెకన్లు ఎగిరింది, ఇంకో ఏడు సెకన్లయితే మొదటి దశ పని పూర్తయ్యేది. మళ్లీ మళ్లీ మండించి చూడగల ఎన్‌కే-33 ఇంజిన్లు సిద్ధమయ్యేసరికి, 1974లో, గ్లుష్కో పగ్గాలు అందుకుని ఎన్-1ను ఆపేశారు.

నిజంగా దగ్గరకొచ్చిన అవకాశం వేరే ఉంది. 1968 సెప్టెంబర్‌లో మనుషులు లేని సోవియట్ నౌక జోండ్-5 తాబేళ్లతో చంద్రుణ్ణి చుట్టి తిరిగొచ్చింది. నవంబర్‌లో జోండ్-6 తిరుగు దారిలో లోపలి గాలి కోల్పోయి, పారాచూట్ చెడి నేలకు గుద్దుకుంది. అది క్షేమంగా దిగి ఉంటే, డిసెంబర్ చివర్లో అమెరికా వ్యోమగాములతో అపోలో-8 బయలుదేరేలోపే ఇద్దరు వ్యోమగాములను చంద్రుడి చుట్టూ పంపే ధైర్యం మాస్కోకు వచ్చి ఉండేదేమో. అయినా దిగే పందెంలో మాత్రం ఎన్-1 కోసం ఎదురుచూడాల్సిందే.