ఫోన్ కాల్ ఆడియో యాప్ చేతికి ఎంతవరకు అందుతుంది? అపోహలు - వాస్తవాలు

పదేళ్లకు పైగా ఫోన్లలో ఆడియో పని చేస్తున్నాను. కొత్త క్లయింట్ ఎవరొచ్చినా మొదటి మీటింగ్‌లో అడిగేది దాదాపు ఒకటే. "కాల్ నడుస్తుండగానే అవతలి మనిషి మాటలు మా యాప్ వినాలండీ, వెంటనే టెక్స్ట్ చేసెయ్యాలి. మైక్ పర్మిషన్ ఎలాగూ అడుగుతాం కదా!" 2024 మేలో గూగుల్ తన ఐ/ఓ సభలో, మోసపు కాల్‌ని మధ్యలోనే పసిగట్టి హెచ్చరించే ఫీచర్ చూపించాక ఈ కోరిక ఇంకా పెరిగింది. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: మైక్ పర్మిషన్ ఇస్తే కాల్ మొత్తం యాప్‌కి వినిపిస్తుంది

మైక్‌లోంచి వచ్చేది మీ గొంతు. అవతలివాళ్ల గొంతు నెట్‌వర్క్ నుంచి వస్తుంది. మామూలు సిమ్ కాల్‌లో అది మోడెమ్‌లో (నెట్‌వర్క్‌తో మాట్లాడే చిప్‌లో) దిగి, చాలా ఫోన్లలో నేరుగా ఆడియో డీఎస్పీకి (శబ్దం పని చూసే చిప్‌కి), అక్కణ్ణుంచి చెవి దగ్గరి స్పీకర్‌కి వెళ్లిపోతుంది. యాప్‌లు నడిచే ప్రాసెసర్ గడప తొక్కదు. బైపాస్ మీద పోయే బస్సు కోసం ఊళ్లో బస్టాండులో కూర్చున్నట్టుంటుంది మన పని.

ఆండ్రాయిడ్‌లో ఆ బస్సు ఆపే చోటు ఒకటుంది. దాని పేరు 'వాయిస్ కాల్' ఆడియో సోర్స్. కానీ దానికి కావలసిన 'క్యాప్చర్ ఆడియో అవుట్‌పుట్' పర్మిషన్ యూజర్ ఇచ్చేది కాదు, ఫోన్‌తో పాటే వచ్చిన సిస్టమ్ యాప్‌లకు మాత్రమే దొరుకుతుంది. ఫోన్‌తో వచ్చిన డయలర్ (కాల్ చేసే యాప్) రికార్డ్ చేయగలిగి, ప్లే స్టోర్ నుంచి దించుకున్న యాప్ చేయలేకపోవడానికి కారణం ఇదే. ఫోన్ రూట్ చేస్తే, అంటే సిస్టమ్ తాళాలు విప్పేస్తే, దారి దొరుకుతుంది, నిజమే. కానీ రూట్ చేసిన ఫోన్లో చాలా బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి.

జూనియర్లకి ఒక మాట. 'వాయిస్ కమ్యూనికేషన్' అనే సోర్స్ పేరు చూసి మోసపోకండి. అది మీ సొంత ఇంటర్నెట్ కాల్ కోసం ఎకో తీసేసి ఇచ్చే మైక్, అంతే.

అపోహ: ఎర్రర్ రాలేదు, ఫైల్ తయారైంది కాబట్టి రికార్డింగ్ బాగానే ఉంది

ఇది నన్ను నిజంగా ముంచింది. ఒక సేల్స్ టీమ్ కోసం యాప్ చేశాం. కాల్‌ని స్పీకర్‌లో పెట్టి మైక్‌తో పట్టడం మా ఉపాయం. ఆఫీసులో టెస్ట్ ఫోన్ ఆండ్రాయిడ్ 9ది, దాంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. క్లయింట్ కొత్త ఫోన్లు కొన్నాడు. వారం తర్వాత కబురొచ్చింది: "ఫైళ్లన్నీ ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ మాట లేదు." సైజు చూస్తే సరిగ్గానే ఉంది. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అంటే సెకనుకి 16,000 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన అంకెలు), ఒక్కోటి 2 బైట్లు, మొత్తం సెకనుకి 32,000 బైట్లు, నిమిషానికి 19 లక్షల 20 వేలు. లెక్క ఎక్కడా తప్పలేదు. తెరిచి చూస్తే లోపల అన్నీ సున్నాలే!

2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కాల్ నడుస్తున్నప్పుడు మామూలు యాప్‌కి మైక్ ఇచ్చినట్టే ఇచ్చి, దాంట్లో నిశ్శబ్దం పోస్తారు. ఎర్రర్ రాదు, క్రాష్ అవదు. మనల్ని మ్యూట్ చేశారా లేదా అని అడిగే 'ఈజ్ క్లయింట్ సైలెన్స్‌డ్' అనే ఫంక్షన్ కూడా అదే వెర్షన్‌లో ఇచ్చారు. డాక్యుమెంటేషన్ చదవకపోవడం మా తప్పే. ఇప్పుడు దానికి తోడు ఒక నాటు పద్ధతి కూడా పెట్టుకున్నాను. మొదటి రెండు సెకన్లలో ప్రతి శాంపిలూ సున్నా అయితే స్క్రీన్ మీద ఎర్ర బ్యానర్ పడుతుంది. మనుషులున్న గదిలో అన్ని సున్నాలు రావు, కనీసం ఫ్యాన్ చప్పుడైనా ఉంటుంది.

అపోహ: యాక్సెసిబిలిటీ సర్వీస్ వాడితే సరిపోతుంది

చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్లకి సాయపడే యాప్‌ల కోసం పెట్టిన సౌకర్యం ఇది. ఒకప్పుడు సరిపోయేది. పైన చెప్పిన రూల్‌లో యాక్సెసిబిలిటీ సర్వీసులకి మినహాయింపు ఉంది, కాల్ రికార్డర్ యాప్‌లు ఆ కిటికీలోంచే దూరాయి. 2022 మే 11 నుంచి ప్లే స్టోర్ పాలసీ దాన్ని నిషేధించింది. ట్రూకాలర్ కూడా అప్పుడే రికార్డింగ్ తీసేసింది. అయితే మూసింది స్టోర్ తలుపే, ఫోన్లో కిటికీ అలాగే ఉంది, దొంగ యాప్‌లు అందులోంచి దూరొచ్చు. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్ ఫైల్) ఏదైనా యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటే వెంటనే తీసి పారేయండి. మీ అమ్మానాన్నల ఫోన్లలో కూడా ఒకసారి చూడండి.

అపోహ: ఐఫోన్‌లో కాల్‌కిట్ ఉంది కదా

యాప్‌లు చేసేవాళ్ల కోసం యాపిల్ 2016లో ఇచ్చిన టూల్ కాల్‌కిట్. అది మీ ఇంటర్నెట్ కాల్‌ని మామూలు ఫోన్ కాల్‌లా చూపించడానికి పనికొస్తుంది. సిమ్ కాల్ మొదలైందని, అయిపోయిందని చెబుతుంది. నంబరే చెప్పదు, ఇక ఆడియో సంగతి దేవుడెరుగు. 2024 అక్టోబరులో ఐఓఎస్ 18.1తో యాపిల్ తనే రికార్డింగ్ తెచ్చింది. రికార్డవుతోందని ఇద్దరికీ వినిపించి, ఫైల్‌ని నోట్స్‌లో దాస్తుంది. బయటి రికార్డర్ యాప్‌లు చేసేది మూడో మనిషిని కాన్ఫరెన్స్‌లో కలపడం. ఆ మూడో మనిషి ఒక సర్వర్.

అపోహ: డిఫాల్ట్ డయలర్ అయితే ఆడియో వస్తుంది

రాదు. ఎత్తడం, పెట్టేయడం, మ్యూట్, స్పీకర్ లాంటి బటన్లు మాత్రం చేతికొస్తాయి.

అపోహ: ఆడియో దొరికితే చాలు, మిగతాది ఏఐ చూసుకుంటుంది

పాతరకం కాల్‌లో ఆడియో 8 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 8,000 శాంపిళ్లే. అందులో మిగిలేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా. 'స'లో ఉండే ఈల లాంటి శబ్దం చాలావరకు 4000కి పైనే ఉంటుంది, అంటే దారిలోనే రాలిపోతుంది. ఫోన్లో పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు "ఎస్సా, ఎఫ్ఫా?" అని అడిగించుకోని వాళ్లు ఉన్నారా? వోల్టీ (4జీ మీద నడిచే) కాల్‌లో వైడ్‌బ్యాండ్ కుదిరితే 7000 హెర్ట్జ్ దాకా వస్తుంది, కానీ అదే కాల్ సర్వర్ గుండా తిరిగొచ్చేసరికి చాలాసార్లు మళ్లీ 8 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. దాన్ని 16 కిలోహెర్ట్జ్‌కి పెంచితే ఫైల్ లావెక్కుతుంది గానీ పోయిన సకారం తిరిగి రాదు. స్టూడియో ఆడియోతో నేర్పిన మోడల్‌ని దీని మీద వదిలితే తడబడుతుంది. నేర్పేటప్పుడే డేటాని 8 కిలోహెర్ట్జ్‌కి దించాలి.

లైవ్ అనువాదం అడిగేవాళ్లకి ఇంకో చిక్కు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం జీ.114 చెబుతుంది. మన తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. "రేపు సాయంత్రానికల్లా మొత్తం డబ్బు కట్ట..." వరకు విన్నా అది 'గలను' అవుతుందో 'లేను' అవుతుందో మనిషికే తెలియదు, మోడల్‌కి ఎలా తెలుస్తుంది? వాక్యం అయ్యేదాకా ఆగాల్సిందే.

మరి క్లయింట్‌కి ఏం చెబుతాను? రెండే దారులు. మొదటిది సొంత యాప్‌లో వెబ్‌ఆర్‌టీసీ (ఇంటర్నెట్ కాల్ టెక్నాలజీ) కాల్. అందులో రెండు వైపుల ఆడియో 10 మిల్లీసెకన్ల ముక్కలుగా మన చేతికే వస్తుంది. రెండోది లైసెన్స్ ఉన్న కంపెనీ దగ్గర నంబరు తీసుకుని, కాల్‌ని సర్వర్ మీదుగా నడపడం. సిమ్ బాక్స్ (బోలెడు సిమ్‌లతో కాల్స్ మళ్లించే పెట్టె) పెట్టుకుని మనమే తిప్పేద్దాం అనే తెలివైనవాళ్లు అప్పుడప్పుడు తగులుతారు, వాళ్ల ఇంటికి పోలీసులొస్తారు. నంబరు ఇచ్చే కంపెనీతో మాట్లాడేటప్పుడు, రేటు కన్నా ముందు రెండు వైపుల గొంతులూ వేరువేరు చానెళ్లలో ఇస్తారా అని అడగండి. కలిపి ఇస్తే, "ఊఁ, సరే" అన్నది కస్టమరా, మన ఏజెంటా అని తేల్చడానికి ఇంకో మోడల్ పెట్టుకోవాలి.