ఖాతాదారుకు స్పృహ లేకపోతే జీపీఏ చెల్లదు

నాన్నను ఐసీయూలో చేర్చిన రెండో రోజు, బిల్లు కట్టాల్సిన వేళకు, కొడుకో కూతురో ఆయన చెక్కుబుక్కూ, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) రాసిన ఒక స్టాంపు పేపరూ పట్టుకుని బ్రాంచికి వస్తారు. "జీపీఏ ఉందండీ, రిజిస్టర్ కూడా చేయించాం" అంటారు. కౌంటర్లో ఉన్నవాళ్లు ముందుగా అడిగేది "నాన్నగారికి ఎలా ఉంది?" అని. "స్పృహలో లేరు" అన్న జవాబు రాగానే ఆ కాగితం చెల్లకుండా పోతుంది. బ్యాంకువాళ్లు కఠినంగా ఉన్నారని అప్పుడు కోపం వస్తుంది. ఆ కంగారులో ఎవరికైనా వస్తుంది. కానీ అక్కడ అడ్డుపడింది బ్యాంకు కాదు, చట్టం.

మంచాన పడిన మనిషి డబ్బు వ్యవహారాలు చూసుకునేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ ఒక్క అపోహే. మిగతావి తర్వాత చెబుతాను.

అపోహ: ఆరోగ్యంగా ఉన్నప్పుడే జీపీఏ రాయించుకున్నాం, ఇక ఏం జరిగినా దిగులు లేదు.

జీపీఏ అంటే ఒకరు తన పనిని ఇంకొకరి చేత చేయించుకోవడానికి ఇచ్చే అధికారం. ఇచ్చినవారికి ఆ పని తానే చేసుకోగల తెలివి ఉన్నంతకాలమే అది బతికి ఉంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం, ఇచ్చినవారు చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుంది. కోమా అయినా, మనుషుల్ని గుర్తుపట్టలేనంతగా ముదిరిన డిమెన్షియా అయినా బ్యాంకు ఇదే లెక్కలో చూస్తుంది. సరిగ్గా ఏ రోజు కోసమైతే ఆ కాగితం రాయించుకున్నారో, ఆ రోజే అది చెల్లకుండా పోతుంది.

ఈ అపోహ అమెరికాలో ఉన్న పిల్లల్లో మరీ బలంగా ఉంటుంది. వాళ్లున్న చోట 'డ్యూరబుల్' పవర్ ఆఫ్ అటార్నీ అని ఒకటుంది, ఇచ్చినవారు తెలివి కోల్పోయినా అది పనిచేస్తుంది. మన దేశంలో అలాంటిది లేదు. "ఇర్రివోకబుల్ (రద్దు చేయలేనిది) అని రాయించాం కదా" అంటారు కొందరు. జీపీఏలో చెప్పిన ఆస్తిలో ఏజెంటుకు, అంటే అధికారం అందుకున్నవారికి, సొంత హక్కు ఉన్నప్పుడే సెక్షన్ 202 కింద ఆ రక్షణ దొరుకుతుంది. నాన్న పింఛను ఖాతా నడిపే కొడుక్కి అలాంటి హక్కు ఉండదు. "నేను స్పృహ కోల్పోయినా ఇది చెల్లుతుంది" అని దస్తావేజులో ఒక వాక్యం చేర్పించినా అంతే. వాట్సాప్‌లో తిరిగే జీపీఏ నమూనాల్లో ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండొద్దు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. ప్లాటు అమ్మకానికి రాయించిన జీపీఏ తెచ్చి బ్యాంకులో ఇస్తారు. అందులో ఖాతాలు నడపడం, డిపాజిట్లు రద్దు చేయడం, డబ్బు తీసుకుని రసీదు ఇవ్వడం అని విడిగా రాసి లేకపోతే అది బ్యాంకు పనికి పనికిరాదు. రెండోది, జీపీఏను రాయించి బీరువాలో పెట్టేయడం. ఇచ్చినవారు తెలివిగా ఉన్నప్పుడే దాన్ని బ్రాంచిలో ఇచ్చి, ఏజెంటు కేవైసీ పత్రాలూ నమూనా సంతకమూ నమోదు చేయించాలి. బ్యాంకు ఖాతాదారుతో మాట్లాడి నిర్ధారించుకుంటుంది. కాళ్లు కదలకపోయినా తెలివి నిక్షేపంగా ఉన్నవారికి జీపీఏ చక్కగా పనికొస్తుంది. చెక్కుల మీద సంతకం, డబ్బు తీయడం వరకే అయితే బ్యాంకు సొంత మాండేట్ (రాతపూర్వక అనుమతి) ఫారం చాలు. అది కూడా తెలివి ఉన్నంతవరకే.

మరి తెలివి పోయాక కూడా నిలిచేది ఏది? జాయింట్ ఖాతా. అందులోనూ ఈ ఆర్ ఎస్, అంటే 'ఐదర్ ఆర్ సర్వైవర్'. ఇద్దరిలో ఎవరి సంతకంతోనైనా నడుస్తుంది, ఒకరు పోతే రెండోవారు నడుపుకుంటారు. పెద్దాయన తెలివిగా ఉన్నప్పుడే ఇద్దరూ ఆధార్, పాన్, ఫోటోలతో బ్రాంచికి వెళ్లి చేయించుకోవాలి. ఆయన అడుగు తీసి అడుగు వేయలేకపోతే, ఇంటికి వచ్చి సంతకం తీసుకోగలరా అని ముందే అడగండి.

ఇక్కడ ఒక్క అక్షరం తేడాతో కొంప మునుగుతుంది. ఎఫ్ ఆర్ ఎస్, అంటే 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అయితే మొదటి పేరు ఉన్నవారు బతికున్నంతకాలం రెండోవారు రూపాయి తీయలేరు. పగ్గాలు తన చేతిలోనే ఉండాలని నాన్న దాన్ని ఎంచుకుంటారు. ఆయన ఐసీయూలో ఉన్నా, ప్రాణం ఉంది కాబట్టి కొడుకు సంతకం చెల్లదు. పాస్‌బుక్ మొదటి పేజీలో పేర్ల దగ్గర ఏం రాసి ఉందో ఇవాళే చూడండి. అక్కడ లేకపోతే ఆపరేటింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఏమిటని బ్రాంచిలో అడగండి.

అపోహ: ఎఫ్‌డీ ఈ ఆర్ ఎస్ కాబట్టి అవసరం వస్తే నేనొక్కణ్నే రద్దు చేయించుకుంటాను.

సేవింగ్స్ ఖాతా సంగతి వేరు, ఎఫ్‌డీ సంగతి వేరు. ఈ ఆర్ ఎస్ ఎఫ్‌డీని గడువు తీరాక ఎవరో ఒకరి సంతకంతో తీసుకోవచ్చు. గడువుకు ముందే తీయాలంటే, ఇద్దరూ బతికి ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఇద్దరిలో ఒకరు చనిపోయినా, రెండోవారు ముందస్తుగా తీసుకునేందుకు ఇద్దరూ కలిసి ఇచ్చిన మాండేట్ ఉండాలి. అది లేకపోతే చనిపోయినవారి వారసుల సమ్మతి అడుగుతారు. ఈ మాండేట్‌ను ఎఫ్‌డీ వేసేటప్పుడే కాదు, గడువు మధ్యలో కూడా ఇవ్వచ్చు. దీనికి ఇద్దరూ సంతకం చేస్తే చాలు, కానీ అడిగేవాళ్లు చాలా తక్కువ.

ఈ చిక్కు రాకుండా ఎఫ్‌డీలు వేసే పద్ధతి ఒకటుంది. పది లక్షలు ఒకే ఎఫ్‌డీగా వేయకండి. రెండేసి లక్షల చొప్పున అయిదు చేసి, మూడేసి నెలల తేడాతో గడువు తీరేలా పెట్టండి. ఫారంలో ఆటో రెన్యూవల్ దగ్గర టిక్కు పెట్టకుండా, గడువు తీరగానే అసలూ వడ్డీ ఫలానా సేవింగ్స్ ఖాతాలో జమ చేయమని రాయండి. ఆ సేవింగ్స్ ఖాతా ఈ ఆర్ ఎస్ అయి ఉండాలి. అప్పుడు పెద్దవాళ్లు ఏ స్థితిలో ఉన్నా, ఎవరి సంతకమూ అడగకుండానే మూడు నెలలకోసారి డబ్బు మీ చేతికి అందే చోటికి వస్తుంది.

ఈ ఆర్ ఎస్‌లో ప్రమాదం కూడా ఉంది. రెండోవారు ఖాతా మొత్తం ఊడ్చేసినా బ్యాంకు ఆపదు. అన్నదమ్ముల మధ్య తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. అందుకని ఉన్నదంతా ఒకే జాయింట్ ఖాతాలో పెట్టనక్కర్లేదు. ఆరు నెలల మందులు, ఆయా జీతం, ఒక ఆసుపత్రి బిల్లుకు సరిపడా డబ్బుతో విడిగా ఒక ఈ ఆర్ ఎస్ ఖాతా పెట్టుకుని ఖర్చులన్నీ దాంట్లోంచే పెడితే స్టేట్‌మెంటే లెక్కల పుస్తకం అవుతుంది. రేపు చెల్లెలు అడిగితే చూపించడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

అపోహ: మంచంలో ఉన్నా సరే, మనిషిని బ్యాంకుకు మోసుకు రావాల్సిందే.

వృద్ధుల్ని ఆటోలో పడుకోబెట్టి బ్రాంచి మెట్ల దాకా తెచ్చేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఆ అవసరం లేదు. 70 ఏళ్లు దాటినవారికీ, దివ్యాంగులకూ, నడవలేని జబ్బు ఉన్నవారికీ ఇంటి దగ్గరే నగదు ఇవ్వడం, చెక్కు తీసుకోవడం, కేవైసీ పత్రాలూ లైఫ్ సర్టిఫికెట్టూ తీసుకోవడం వంటి సేవలు అందించాలని 2017 నవంబరులో ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. బ్రాంచిలో నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడిగి, తీసుకున్నట్టు సంతకం వేయించుకోండి.

పక్షవాతం వచ్చి సంతకం మారిపోయినవారి విషయంలోనూ దారి ఉంది. విత్‌డ్రాయల్ ఫారంలో మిగతా వివరాలన్నీ మీరు నింపవచ్చు. సంతకం చోట బొటనవేలి ముద్ర లేదా కాలి వేలి ముద్ర వేయించాలి. దాన్ని ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. వేలిముద్ర కూడా వేయలేకపోతే ఏదో ఒక గుర్తు చాలు, సాక్షుల నియమం అదే. డబ్బు ఎవరు తీసుకెళ్లాలో ఖాతాదారే సూచించాలి, ఆ మనిషినీ ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అతని సంతకమూ బ్యాంకుకు ఇవ్వాలి. ముద్ర వేయించేటప్పుడు వేలిని స్టాంప్ ప్యాడ్ మీద గట్టిగా అదిమితే సిరా ముద్దగా అంటుకుని గీతలు కలిసిపోతాయి. వేలిని ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, తేలిగ్గా అద్ది, కాగితం మీద ఒక్కసారి ఆనించి ఎత్తేయాలి. ఫారం కింద అట్ట ఉంటే నయం. పరుపు మీద పెట్టి వేయిస్తే చెదిరిపోతుంది.

ఒక్క షరతు మాత్రం తప్పదు. వచ్చిన అధికారి "ఈ డబ్బు తీయమంటారా?" అంటే ఆయన తలూపో, కళ్లతోనో ఒప్పుకోవాలి. స్పృహ లేని మనిషి వేలు పట్టుకుని వేయించిన ముద్రను ఏ అధికారీ ఒప్పుకోకూడదు, మీరూ అడగకూడదు.

తెలివి పూర్తిగా పోయింది, ఖాతా ఒంటరి పేరు మీదే ఉంది అంటే మిగిలేది కోర్టే. కోమాలో ఉన్నవారి ఆస్తి వ్యవహారాలకు సంరక్షకుణ్ని నియమించమని రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద హైకోర్టుకు వెళ్తున్నారు. వైద్యుల నివేదిక, మిగతా వారసుల సమ్మతి ముందే సిద్ధం చేసుకోండి. "ఆసుపత్రిలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్ నేనే" అంటూ వచ్చేవారూ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని ఆ హోదా వైద్యానికి సంబంధించినదే, బ్యాంకు ఖాతాకు కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు 18 నిండాక తల్లిదండ్రుల సంతకం దానంతటదే చెల్లదు. కానీ వాళ్లకు కోర్టు అక్కర్లేదు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చే గార్డియన్‌షిప్ సర్టిఫికెట్‌ను బ్యాంకులు ఒప్పుకుంటాయి. పిల్లలకు 18 నిండగానే దరఖాస్తు పెట్టండి.

మిగతావి గబగబా. నామినీకి ఖాతాదారు బతికుండగా ఏ అధికారమూ లేదు. పోయాక డబ్బు అందుకునేది నామినీయే, కానీ వారసుల తరఫున. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. భార్య అయినంత మాత్రాన భర్త ఖాతా మీద సంతకం హక్కు రాదు. విదేశాల్లో ఉన్న కొడుకు పేరును అమ్మ సేవింగ్స్ ఖాతాలో ఈ ఆర్ ఎస్ పద్ధతిలో చేర్చవచ్చు, అయితే ఆ డబ్బును అమ్మ అవసరాలకే వాడాలి, సొంతానికి కాదు.

నాన్న ఏటీఎం కార్డూ పిన్నూ మీ దగ్గర పెట్టుకుంటే పని సులువే. కానీ పిన్, ఓటీపీ ఇంకొకరికి చెప్పడం ఖాతాదారు నిర్లక్ష్యం కిందికి వస్తుంది. దానివల్ల మోసం జరిగితే బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు ఖాతాదారుదే. ఈ ఆర్ ఎస్ ఖాతాలో మీ పేరు మీద వేరే కార్డు తీసుకోండి. చిల్లర ఖర్చులకు యూపీఐ సర్కిల్ ఉంది. నాన్న తన యాప్‌లో మిమ్మల్ని చేర్చుకుని పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000, ఒక్కో చెల్లింపుకు 5,000 దాకా ఆయన ఖాతాలోంచి మీరే కట్టవచ్చు.

పింఛనుదారు చనిపోయాక కార్డుతో పింఛను తీసేవారికి ఒక మాట. దినం ఖర్చులకే తీసి ఉండవచ్చు, మీ బాధ అర్థమవుతుంది. కానీ మరణం తర్వాతి కాలానికి జమ అయిన పింఛనును ప్రభుత్వం బ్యాంకు ద్వారా వెనక్కి తీసుకుంటుంది, తీసేసిన డబ్బు కుటుంబం కట్టాల్సి వస్తుంది. మరణ ధ్రువపత్రం రాగానే బ్రాంచికి చెప్పండి. నామినీ లేదా సర్వైవర్ ఉంటే మొత్తం ఎంతైనా సక్సెషన్ సర్టిఫికెట్ (కోర్టు ఇచ్చే వారసత్వ పత్రం) అక్కర్లేదు. వీళ్లెవరూ లేకపోతే, 2025 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల వరకు వారసులకు సరళమైన పద్ధతి ఉంది. కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో క్లెయిము తేల్చాలి, కాబట్టి ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో రసీదు అడగండి.