మామ్మ కాఫీ, కొండమీది గంజాయి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

గత వారం మా మనవరాలు సాహితి వేసిన ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఆ రోజు వాళ్ల బడికి పోలీసు అధికారులు వచ్చి, గంజాయి జోలికి పోబోమని పిల్లలందరి చేతా ప్రమాణం చేయించారట. ఆ రాత్రే అమెరికాలోని డెన్వర్‌లో ఉంటున్న వాళ్ల మేనమామ వీడియో కాల్‌లో మాట్లాడుతూ, తమ వీధి చివర మందుల దుకాణం పక్కనే గంజాయి దుకాణం ఉన్నదని, దానికి ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుందని మాటవరసకు అన్నాడు. "మొక్క ఒకటే కదా తాతగారూ! ఇక్కడ దొరికితే జైలు, అక్కడ కొంటే రసీదు. అక్కడివాళ్లలో ఎక్కువమంది మంచిదనుకుంటే అది మంచిదైపోతుందా?" అని సాహితి అడిగింది. నేను "పడుకో తల్లీ, రేపు చెబుతాను" అని తప్పించుకున్నాను. ఆ రేపు వారం అయింది. ఈ సందేహం మీలో మరికొందరికీ వచ్చే ఉంటుందని తోచి, అందరికీ కలిపి రాస్తున్నాను.

చట్టాలతో మొదలుపెడితే మీరు మొదటి పేరాలోనే ఆవులిస్తారు కనుక, మా ఇంట్లోకి కాఫీ ఎలా వచ్చిందో ముందుగా చెబుతాను.

1950ల చివరి రోజుల్లో మేము విశాఖ పాతనగరంలో కురుపాం మార్కెట్టుకు దగ్గరగా ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. పొద్దున్నే పెద్దలకు మజ్జిగ, పిల్లలకు చద్దన్నం. కాఫీ అన్న మాట వినబడితే చాలు, మా మామ్మ ముఖం చిట్లించేది. అది హోటళ్లలో కూర్చునేవాళ్ల వ్యసనమని, ఒంటికి వేడి చేస్తుందని, ఒకసారి పట్టుకుంటే వదలదని ఆమె తీర్మానం. మా చిన్నాన్న మాత్రం ప్రతి సాయంత్రం కూరలు తెచ్చే మిషతో బయలుదేరి, హోటల్లో ఒక కప్పు తాగి, వాసన తెలియకుండా వక్కపొడి నములుతూ తిరిగి వచ్చేవాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, మామ్మకు కూడా తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

తరవాత మా నాన్నగారికి పార్శ్వపునొప్పి పట్టుకుంది. డాక్టరుగారు నొప్పి మొదలవగానే అరగ్లాసు చిక్కటి కాఫీ తాగమన్నారు. దానితో ఒక ఇత్తడి ఫిల్టరు మా ఇంట్లో అడుగుపెట్టింది, అయితే వంటింట్లోకి కాదు, వసారాలో కుంపటి పక్కకు. అది కాఫీ కాదు, మందు అని మామ్మ ఇరుగుపొరుగులకు తనే చెప్పింది. ఏడాది తిరిగేసరికి మా మేనత్త పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ అడిగారు. మగపెళ్లివారి ముందు లేదనడం మర్యాద కాదు కనుక, ఫిల్టరు వసారాలోంచి లేచి వంటింటి గడప దాటింది. నేను ఎస్సెల్సీకి వచ్చేనాటికి, ఏకాదశినాడు కాఫీ తాగితే ఉపవాసం చెడుతుందా అని మా ఇంట్లో శాస్త్రచర్చ జరిగింది. అది ఆహారం కాదు కాబట్టి చెడదని తీర్పు ఇచ్చింది సాక్షాత్తూ మామ్మే. ఆమె మనసు మార్చుకున్నానని ఏనాడూ ఒప్పుకోలేదు. "నేను వద్దన్నది హోటలు కాఫీని" అనేది.

అమెరికాలో గంజాయి విషయంలో జరిగినది దాదాపు ఇదే. గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేయాలా వద్దా అని గాలప్ సంస్థ 1969లో మొదటిసారి జనాన్ని అడిగినప్పుడు, నూటికి 12 మంది మాత్రమే చేయాలన్నారు. వాళ్లను వక్కపొడి నమలని చిన్నాన్నలు అనుకోండి. 1977 నాటికి ఆ సంఖ్య 28కి ఎక్కింది. 1980లలో మాదకద్రవ్యాల మీద యుద్ధమని ప్రభుత్వం గట్టిగా ప్రచారం చేసేసరికి మళ్లీ దిగి, 1985లో 23 దగ్గర ఆగింది. ఆ తరవాత అక్కడ కూడా ఇత్తడి ఫిల్టరు వచ్చింది. కాన్సరు, ఎయిడ్స్ రోగుల బాధ కళ్లారా చూసిన కాలిఫోర్నియా ఓటర్లు, వైద్యుడు సిఫారసు చేస్తే రోగి గంజాయి వాడుకోవచ్చునని 1996లో ఓటు వేశారు. గమనించండి, అప్పటికి దేశం మొత్తం మీద చట్టబద్ధం చేయాలన్నవాళ్లు ఇంచుమించు నాలుగోవంతు మాత్రమే. అంటే దాన్ని సరదాగా ఒప్పుకోకముందే మందుగా ఒప్పుకున్నారు. ఒకసారి వసారాలోకి వచ్చిన ఫిల్టరు వంటింట్లోకి రావడానికి ఇంకా పదహారేళ్లు పట్టింది: 2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు పెద్దలు ఎవరైనా వాడుకోవచ్చునన్నారు, 2014 జనవరి 1న కొలరాడోలో దుకాణాలు తెరిచారు. గాలప్ లెక్క 2011లో 50కి చేరింది, 2023లో 70 అయింది, ఆ మరుసటి ఏడు 68.

ఈ మార్పు ఎందుకు వచ్చిందంటే, పాతవాళ్లు పోయి కొత్తవాళ్లు వచ్చారు కనుక అని చాలామంది సులువుగా చెబుతారు. అందులో కొంత నిజం ఉన్నది కాని మొత్తం నిజం కాదు, ఎందుకంటే అక్కడ ముసలివాళ్లు కూడా తమ అభిప్రాయాన్ని మార్చుకున్నారు. మా ఇంట్లో కాఫీ మామ్మ పోయాక రాలేదు, మామ్మ ఉండగానే వచ్చింది. తన కొడుకు తలనొప్పి తగ్గడం ఆమె చూసింది. అక్కడ సంజయ్ గుప్తా అనే మన భారతీయ మూలాలున్న వైద్యుడు టెలివిజన్‌లో ఆరోగ్య విషయాలు చెబుతూ దేశమంతటా పేరు పొందాడు. 2009లో గంజాయిని చట్టబద్ధం చేయరాదని రాసిన ఆయనే, మూర్ఛలతో బాధపడే పిల్లలకు దానినుంచి తీసిన నూనె పనిచేయడం చూసి, తాను ముందు సరిగా పరిశీలించలేదని 2013లో అందరి ఎదుటా క్షమాపణ చెప్పుకున్నాడు. మామ్మకు లేని ధైర్యం అది. ఆ మొక్కలోని మత్తు కలిగించని ఒక పదార్థాన్ని శుద్ధి చేసి తయారుచేసిన మందును అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2018లో కొన్ని తీవ్రమైన మూర్ఛవ్యాధులకు ఆమోదించింది కూడా.

వైద్యం ఒక్కటే కాదు, జైళ్లు కూడా జనం మనసు మార్చాయి. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఇంచుమించు సమానంగా వాడుతున్నా, 2010 నాటి లెక్కల్లో అరెస్టు అయ్యే అవకాశం నల్లవాళ్లకు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా ఉండడం చూసి, ఇదేమి న్యాయమని చాలామంది ఆలోచించారు. పన్నుల ఆశ కూడా ఒకటి ఉన్నది. కొలరాడోలో ఆ పన్నులో కొంత భాగం బడుల భవనాలకు పోతుంది. ఈ చివరి వాదన నాకు రుచించదు. మా చిన్నాన్న తాగిన కాఫీ డబ్బులతో నా పలక కొనిపెట్టారంటే నేను సంతోషించి ఉండేవాడిని కాను.

ఇంకొక సంగతి మీరు జాగ్రత్తగా చూడాలి. మా మామ్మను "కాఫీ ఉండవచ్చునా, కూడదా?" అని అడిగితే ఒక జవాబు వచ్చేది, "ఊరికే తాగవచ్చునా, తలనొప్పికి మాత్రమేనా, అసలే వద్దా?" అని మూడు దారులు చూపించి అడిగితే మరొక జవాబు వచ్చేది. 2024 మొదట్లో ప్యూ పరిశోధన సంస్థ అలాగే మూడు దారులు చూపించి అడిగింది. నూటికి 57 మంది దేనికైనా సరేనన్నారు, 32 మంది మందుగా మాత్రమే అన్నారు, 11 మంది అసలే వద్దన్నారు. అదే దేశం, ఇంచుమించు అదే కాలం. ఒకచోట 70 కనిపించినది మరొకచోట 57గా కనిపిస్తున్నది. అందుచేత ఎవరైనా "జనం ఇలా అనుకుంటున్నారు" అని మీకు చెప్పినప్పుడు, జనాన్ని ఏమని అడిగారో ముందుగా కనుక్కోండి.

అభిప్రాయం ఒకే దిక్కుకు నడుస్తుందని కూడా అనుకోవద్దు. 2020లో న్యూజీలాండ్ ప్రజలు కొద్ది తేడాతో వద్దన్నారు. థాయిలాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచి, మూడేళ్లకే వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని సగం మూసింది. మన సంగతే చూడండి: నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల తొలి రోజుల్లో సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా వాళ్ల వెంట నడిచింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ రెండేళ్లలో మద్యం ఏమీ మారలేదు.

ఇక్కడికి వచ్చేసరికి, సాహితీ, నీ ప్రశ్నలోని అసలు ముడి నా చేతికి తగులుతున్నది. నూటికి డెబ్బైమంది సరేనన్నారంటే, దాన్ని వాడినవాణ్ణి జైలులో పెట్టడం వాళ్లకు ఇష్టం లేదని అర్థం. ఆ మొక్క ఒంటికి మేలు చేస్తుందని డెబ్బైమంది కనిపెట్టారని అర్థం కాదు. ఓట్లు లెక్కపెట్టేవాళ్లు వేరు, నాడి చూసేవాళ్లు వేరు. కాఫీ పోలికను ఇంతసేపు లాక్కుంటూ వచ్చాను కాని, అది ఇక్కడ తెగిపోతుంది. కాఫీ తాగి చదువు మానేసినవాణ్ణి, లేని మనుషులు పిలుస్తున్నారని అర్ధరాత్రి వీధిలోకి పరుగెత్తినవాణ్ణి నేను చూడలేదు. గంజాయి వాడి అలా అయిపోయిన ఒక కుర్రవాణ్ణి చూశాను, అతని తల్లిని కూడా చూశాను. పైగా ఇప్పటి సరుకు పాతది కాదు. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో మత్తు పదార్థం 1990ల మధ్యలో సుమారు 4 శాతం ఉంటే, ఇటీవల 15 శాతం దాకా వస్తున్నది. నీళ్లలాంటి మూడో డికాక్షనుకూ నల్లటి మొదటి డికాక్షనుకూ ఉన్న తేడా అది. చూశారా, కాఫీని వదలలేకపోతున్నాను!

పోలికలో ఒక్క ముక్క మాత్రం చివరిదాకా నిలుస్తుంది. ఇల్లంతా కాఫీకి అలవాటుపడిన తరవాత కూడా మామ్మ మాకు పాలే ఇచ్చేది, మరీ ఏడిస్తే రంగు కోసం అరచెంచా డికాక్షను వేసేది. గంజాయి దుకాణాలు తెరిచిన ప్రతి అమెరికా రాష్ట్రంలోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు సరదా కోసం అమ్మడం నేరమే. 2024 ఏప్రిల్లో జర్మనీ అనుమతించినది కూడా 18 దాటినవాళ్లకు. మెదడు ఇరవై అయిదో ఏడు దాకా ఎదుగుతూనే ఉంటుందని వైద్యులు చెబుతున్నారు కనుక, ఆ డెబ్బైమంది సరేనన్నది కూడా మీకు వర్తించదు.

మన దేశం సంగతి క్లుప్తంగా చెబుతాను. మన మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడు, అమలులోకి వచ్చింది. అది ఆ మొక్క పూతను గంజాయి అన్నది, ఒట్టి ఆకును విడిచిపెట్టింది. అందుకే ఉత్తరాదిన కొన్నిచోట్ల భంగు దుకాణాలు కనిపిస్తాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం గంజాయిని అత్యంత ప్రమాదకరమైన వాటి జాబితా నుంచి తప్పించడానికి ఓటింగు పెడితే 27 దేశాలు ఔనన్నాయి, 25 కాదన్నాయి. ఔనన్నవాటిలో మనదీ ఒకటి. అయినా మన చట్టం మారలేదు. "గంజాయివనంలో తులసిమొక్క" అనే సామెత నోట్లో ఉన్నంతకాలం మన ఇళ్లలో అభిప్రాయం కూడా తొందరగా మారదు.

విశాఖలో ఉండి ఈ మాట రాస్తూ కొండలవైపు చూడకుండా ఉండలేను. మనం సెలవులకు వెళ్లే ఆ మన్యంలోనే, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు లోయల్లో ఏళ్ల తరబడి గంజాయి సాగు జరిగింది. ఆ రకానికి శీలావతి అని పేరు పెట్టినవాడి హాస్యానికి ఏమనాలో తెలియదు. 2022 ఫిబ్రవరిలో పోలీసులు అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. తోటలు నరికించారు. బయటి వ్యాపారి ముందుగా డబ్బు ఇచ్చి పండిస్తాడు, గిరిజన కుర్రవాడు మూట మోస్తాడు. 20 కిలోలకు మించి దొరికితే కనీసం పదేళ్ల శిక్ష. ఆ పదేళ్లు ఎక్కువగా మూట మోసినవాడికే పడతాయి, మూట కట్టించినవాడు ఎక్కడో హాయిగా ఉంటాడు. ఆ మొక్కను దుకాణంలో పెట్టాలని నేను అనను. కాని మోతగాడి శిక్ష విషయంలో, పదేళ్ల క్రితం నాకున్న అభిప్రాయం ఇప్పుడు లేదు. మామ్మలాగా దాచుకోకుండా మీకు చెబుతున్నాను.

అదే కొండల్లో ఇప్పుడు గంజాయి మానినవాళ్లకు ఇస్తున్న మొక్కల్లో కాఫీ ఒకటి. గంజాయి కొన్ని నెలల్లో చేతికి డబ్బు ఇస్తుంది, కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్లు ఆ రైతు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో మన ఇంట్లో ఫిల్టరు ముందు కూర్చుని చెప్పడం సులువు కాదు.

ఇప్పుడు కార్తీకం. కాఫీ పళ్లు ఎర్రబడే రోజులు. మీ నాన్నగారిని అడిగి ఒక ఆదివారం తెల్లవారుజామున కిరండూల్ రైలు ఎక్కండి. సొరంగాలు లెక్కపెడుతూ అరకు దాకా వెళ్లండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల కింద ఆ గుబురు మొక్కలు ఉంటాయి. తోటవాళ్లను అడిగి ఒక ఎర్రటి పండు కోసి, పెదవుల మధ్య నొక్కి చూడండి. పైన గుజ్జు తియ్యగా ఉంటుంది, లోపల రెండు గింజలు ఒకదానికొకటి వీపులు కాదు, కడుపులు ఆనించుకుని ఉంటాయి. అప్పుడప్పుడు రెండుకు బదులు ఒక్కటే గుండ్రటి గింజ వస్తుంది. మీకు అలాంటిది దొరికితే పారేయకుండా నాకు తెచ్చిపెట్టండి.

మీ తాతగారు